మూడోసారి పిలిచిన టెండరు

రెండుసార్లు పిలిచారు టెండరు.
రెండుసార్లూ ఎవరూ పలకలేదు.
ఊళ్ళో దండోరా వేస్తే కుక్కైనా మొరుగుతుంది,
ఆ కాగితానికి అదీ లేదు.

కట్టేసిన కాలవలో బురద నెర్రెలిచ్చింది.
గుర్రపుడెక్క ఎండి తాటాకు రంగుకి తిరిగింది.
మా మూడో నెంబరు లాకు షట్టరు
అడుగున జానెడు మేర తుప్పుకి పోయింది.
రిజిస్టర్లో మాత్రం నెలనెలా రాస్తూనే ఉన్నాను,
"బాగుంది" అని.
ఇరవై రెండేళ్ళ లస్కరుని,
చదవని పుస్తకంలో ఏం రాస్తే ఏంటి?

జూన్లో నీళ్ళు వదులుతారు.
షట్టరు పట్టకపోతే శివారు పొలానికి నీరెక్కదు.

కొత్త డీఈ ఇందుమతి గారు
జీపు వంతెన దగ్గరే ఆపి
గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు.
"ఎవరూ ఎందుకు రాలేదంటావు ఏసుపాదం?"

నన్నడిగారు.
ఇన్నేళ్ళలో నన్ను తాళం చెవి అడిగారు,
టీ తెమ్మన్నారు,
కొబ్బరి బొండాలు దింపించమన్నారు.
ఎందుకు అని ఎవరూ అడగలేదు.

గొంతు పెగలడానికి కాస్త టైము పట్టింది.
"పెచ్చెట్టి సూరన్నగారు డెక్క తీయించిన బిల్లు
రెండేళ్ళయినా రాలేదండి.
కూలోళ్ళకి గొలుసు తాకట్టెట్టి ఇచ్చారండి.
ఆయనే రానిచోటికి ఇంకెవరొస్తారండి?"

ఆ శనివారం లాకు దిమ్మ మీద గోనెపట్టాలు పరిచి
అందర్నీ పిలిచారు.
టెండరు కాగితం తెలుగులో చదివారు,
ఉత్తరం చదివినట్టు, ఆగి ఆగి.
కొలిమి బ్రహ్మలింగాచారి మధ్యలో చెయ్యెత్తాడు:
"ఆ రేకు ఇక్కడ మూడేళ్ళు బతకదమ్మా.
పోటెక్కితే ఉప్పునీరు ఇక్కడిదాకా ఎగదన్నుద్ది.
ఎక్కడో మెరకలో కాలవకి రాసింది
తెచ్చి మాకు అంటించారు."

ఆవిడ కాగితం వైపే చూశారు చాలాసేపు.
"అవును. చూడకుండా సంతకం పెట్టాను.
తప్పు నాది."

ఏఈ గారు చెప్పు కొసతో ఇసుక గీకుతున్నారు.
ఆఫీసరు తప్పు ఒప్పుకుంటే
దండం పెట్టాలో తల దించుకోవాలో
మాకెవరూ నేర్పలేదు.

సూరన్న లేచి బిల్లు సంగతి అడిగాడు,
అడగడం కాదు, అరిచాడు.
"ఎప్పుడొస్తుందో చెప్పలేను.
ఎక్కడుందో ప్రతి సోమవారం చెప్తాను."
చెప్పారు.
మొదటి సోమవారం, రాజమండ్రిలో ఒక సంతకం తక్కువ.
రెండో సోమవారం, సంతకమైంది, చలానా నెంబరు తప్పు.
మూడో సోమవారం, కదల్లేదు.
ఫోను పెట్టేసి సూరన్న నవ్వాడు:
"రాలేదని చెప్పడానికి కూడా ఫోన్ చేస్తుందిరా ఈవిడ!"

ఈలోగా తెల్లచొక్కా ఒకాయన వచ్చాడు.
"టైము లేదు కదండీ, అర్జెంటని రాసి
మన కుర్రాడికి ఇచ్చేయండి, చాలు."
"ఈ మాట దిమ్మ మీద పదిమందిలో చెప్పండి,
నేను రాసుకుంటాను" అన్నారావిడ.
ఆయన చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కున్నాడు.

మూడోసారికి నలుగురు వేశారు.
కొత్త రేకు, చారి చెప్పిన మందం.
ముమ్మిడివరం కుర్రాడికి పడింది.
సూరన్న పదకొండు వేలకి ఓడిపోయాడు.
రేట్ల కాగితం అడిగాడు, ఇచ్చారు.
వేలు పెట్టి లైను లైనూ దిగాడు.
"కోపమొచ్చింది గానీ
అనుమానం రాలేదురా" అన్నాడు నాతో
వంతెన దాటాక.

పని పూర్తిగా అవలేదు, నిజం చెప్పాలి.
రెండో షట్టరుకి చెక్కలే వేశాం.
నీళ్ళు శివారుకి ఆరు రోజులు ఆలస్యంగా వెళ్ళాయి,
వెళ్ళాయి మాత్రం.
బిల్లు జూలైలో పడింది.

నిన్న నెలాఖరు.
చక్రం తిప్పి కిందకి వంగి చూశాను.
కొత్త షట్టరు ఎడమ మూల
రెండు వేళ్ళ సందు.
రిజిస్టరు తీశాను.
అలవాటుగా 'బా' రాసిన చెయ్యి
అక్కడ ఆగింది.
కొట్టేసి రాశాను:
"కారుతోంది. ఎడమ మూల. రెండు వేళ్ళు."

తేదీ వేసి
కింద నా పేరు పూర్తిగా రాశాను.